మెల్లగా అడగాల్సినవి, గట్టిగా అడగాల్సినవి: పార్లర్లు, టైలరింగ్ షాపులు నడిపే మహిళలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్యూటీ పార్లర్లు, లేడీస్ టైలరింగ్ షాపులు, బొటిక్‌లు నడుపుతున్న మహిళలకు, వాళ్ల సంఘాల బాధ్యులకు నమస్కారం. ఇంట్లో దెబ్బలు తింటున్న కస్టమర్లకు మీరు ఎలా దారి చూపించొచ్చో చెప్పడానికే ఈ లేఖ.

ఐబ్రోస్ చేయించుకునేటప్పుడు కస్టమర్ రెండు చేతులూ పైకెత్తి కంటి దగ్గర చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి. వేసుకున్నది ఫుల్ హ్యాండ్స్ డ్రెస్ అయితే చేతులు మోచేతి దాకా జారతాయి. ముంజేతి మీద వేళ్లు నొక్కుకుపోయిన గుర్తులుంటే, దారం పట్టుకుని మీద వంగి ఉన్న మీకు కనపడినంత దగ్గరగా ఇంకెవరికీ కనపడవు. టైలర్ దగ్గరా ఇంతే. ఎప్పుడూ ఆది జాకెట్టు పడేసి వెళ్లిపోయే ఆవిడ ఈసారి నిలబడి, "చేతులు మోచేయి కిందికి పెట్టు, వెనక మెడ పైకి మూసెయ్" అంటుంది. అది కొత్త ఫ్యాషనూ కావచ్చు, ఇంకొకటీ కావచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 18-49 ఏళ్ల వివాహితల్లో ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసకు గురైనవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింస అనుభవించిన మహిళల్లో 77 శాతం ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరి సాయమూ అడగలేదు. పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కనివాళ్లు, అమ్మకు కూడా చెప్పనివాళ్లు మీ దగ్గరికి మాత్రం నెలకోసారి వస్తారు. అత్తగారు వెంట రాకుండా, భర్త లోపలికి అడుగుపెట్టకుండా ఒక ఆడమనిషి అరగంట కూర్చోగలిగే చోట్లు మన ఊళ్లలో ఎన్నున్నాయి? గుడిలో కూడా పక్కన ఎవరో ఒకరు ఉంటారు.

మార్చి 8 వస్తే మీ సంఘాలు ఫ్లెక్సీలు కడతాయి, ఫేషియల్ మీద 50 శాతం తగ్గింపు ఇస్తాయి, ముగ్గుల పోటీ పెడతాయి. పెట్టుకోండి, తప్పేం లేదు. అయితే మీ మాటకు అంతకంటే ఎక్కువ పని ఉంది. ఆ పని రెండు రకాలు: కుర్చీ దగ్గర గొంతు తగ్గించి చేసేది ఒకటి, జిల్లా ఆఫీసులో గొంతు పెంచి చేసేది ఇంకొకటి. చాలామంది ఈ రెంటినీ తారుమారు చేస్తారు. కస్టమర్ ముందు ఆవేశపడిపోయి, ఆఫీసర్ ముందు నోరు మెదపరు.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2017 జనవరి నుంచి పార్లర్ లైసెన్సు ఉన్నవాళ్లందరికీ గృహహింస గురించి గంట శిక్షణ తప్పనిసరి చేసింది. ఏదైనా కనపడితే ఫిర్యాదు చేసి తీరాలని మాత్రం ఆ చట్టం అనలేదు. తెలుసుకోండి, దారి చూపించండి, అంతవరకే. మీ నుంచి మేం కోరేదీ అంతే. మీరు పోలీసులు కాదు, పంచాయితీ పెద్దలు అసలే కాదు.

ముందు కనపడేవాటి సంగతి. మోకాలి మీద, మోచేతి మీద, ముంగాలి మీద కమిలిందంటే ఎక్కువసార్లు తగిలి పడిందే. దండచేయి లోపలివైపు, వీపు, మెడ, చెవి వెనక కమిలితే కాస్త ఆలోచించాలి. కమిలిన రంగును బట్టి అది ఎన్నాళ్ల కిందటిదో తేల్చడం డాక్టర్లకే కష్టం, ఆ లెక్కలు మనం కట్టొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బకే కములుతుంది. జుట్టు విషయంలోనూ పొరపాటు పడతారు. పేనుకొరుకుడు అయితే రూపాయి బిళ్లంత మేర నున్నగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి ఉండదు. పట్టి లాగితే ఊడిన చోట వెంట్రుకలు పొట్టీ పొడుగూ తెగి ఉంటాయి, షాంపూ చేసేటప్పుడు వేలు తగిలితే తల వెనక్కి లాగేసుకుంటుంది. ఒంటి మీద ఏమీ లేకుండానే తెలిసే సంగతులూ ఉన్నాయి: పది నిమిషాలకోసారి ఫోను, పార్లర్‌లోనే ఉన్నానని వీడియో కాల్‌లో చూపించడం, ఉద్యోగం చేస్తున్నా 40 రూపాయల చిల్లరకు లెక్క చెప్పాల్సి రావడం. ఇవేవీ రుజువులు కావు. మెల్లగా ఒక మాట అడగడానికి కారణాలు.

అడిగే ముందు చోటు చూసుకోండి. మీ రిసెప్షన్‌లో సీసీ కెమెరా ఉంటే దానికి మైక్ ఉందేమో, ఆ ఫీడ్ ఎవరి ఫోన్‌కు వెళుతోందో కనుక్కోండి. మీవారి ఫోన్‌లోనో, షాపు అద్దెకిచ్చినాయన ఫోన్‌లోనో వినపడుతుంటే అక్కడ ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దు. వ్యాక్సింగ్ రూమ్ మంచిది (అక్కడ కెమెరా ఉండనే కూడదు). టైలరింగ్ షాపులో అయితే కొలతలు తీసే కర్టెన్ వెనక. పక్క కుర్చీలో హెయిర్ స్పా చేయించుకుంటున్నావిడ కళ్లు మూసుకుని ఉండొచ్చు, చెవులు మూసుకోదు.

మాట ఇలా మొదలుపెట్టండి: "అక్కా, ఇక్కడ చెయ్యి తగిలితే నొప్పి పుడుతున్నట్టుంది, మెల్లగా చేస్తాను." అని ఆగండి. ఆవిడ ఏమీ అనకపోతే ఆ రోజుకు అంతే, పని చేసి పంపించండి. నోరు విప్పితే, "ఇంట్లో మీకు భయంగా ఉంటోందా?" అని ఒక్కటే ప్రశ్న. ఔనంటే, "మీ తప్పేం లేదు. ఈ మాట ఇక్కడే ఉంటుంది. ఒక నంబరుంది, చెప్పమంటారా?" వద్దంటే వద్దు. మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు ఆవిడే అడుగుతుంది.

అనకూడనివి: "అలాంటివాడితో ఎందుకు పడి ఉంటున్నావు?", "పిల్లల కోసం సర్దుకో", "ఏ ఇంట్లో లేదు చెప్పు", అన్నిటికంటే చెడ్డది "మావారితో మాట్లాడిస్తా ఉండు." మీవారు మంచి మనసుతోనే వెళ్లి మాట్లాడతారు. ఆ రాత్రి ఆ ఇంట్లో "పార్లర్‌లో నా పరువు తీశావా" అని ఇంకో రెండు దెబ్బలు పడతాయి, మర్నాటి నుంచి ఆవిడకు మీ గుమ్మం బంద్. మీరు తెరిచి ఉంచిన ఒక్క తలుపూ అలా మూసుకుపోతుంది.

ఇక నంబర్లు. 181 మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే 112. ఉచితంగా లాయర్ కావాలంటే 15100. లీగల్ సర్వీసెస్ చట్టం కింద మహిళ అయితే చాలు, ఆదాయంతో పని లేదు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. కాగితం ఇవ్వకుండా 181 గుర్తుపెట్టుకోమనడమే అన్నిటికంటే క్షేమం, మూడంకెలే కదా. విజిటింగ్ కార్డు చేతికిస్తే హ్యాండ్‌బ్యాగు వెతికే అత్తగారికి దొరుకుతుంది. వాష్‌రూమ్ తలుపు లోపలివైపు ఒక ఏ4 కాగితం అంటించి, కింది అంచును పన్నెండు ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్క మీద అంకెలు మాత్రమే రాయండి. మొదటి రెండు మూడు ముక్కలు మీరే చింపి పారేయండి. ఒక్కటీ చింపని కాగితం నుంచి మొదటి ముక్క తీసుకోవడానికి ఎవరికైనా చెయ్యి రాదు. జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆఫీసు పదంకెల నంబరు కావాలంటే ఆవిడ ఫోన్‌లో "ఫాల్స్ పీకో" అని సేవ్ చేసుకోమనండి. తిరిగి ఫోన్ చేయొద్దని, చేయాల్సి వస్తే ఫలానా టైములోనే చేయమని ఆఫీసువాళ్లకు ముందే చెప్పించాలి. ఇది మర్చిపోయి చెడిన కేసులు తక్కువేం కాదు: సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ఎత్తేది భర్త.

వీలైతే మీ షాపు ఫోను నుంచే మాట్లాడనివ్వండి. ఆవిడ ఫోన్‌లో వాట్సాప్ మెనూలోకి వెళ్లి "లింక్డ్ డివైసెస్" చూడమనండి. అక్కడ తెలియని కంప్యూటర్ పేరుంటే ఆవిడ చాటంతా ఇంకొకరు చదువుతున్నట్టే. అయితే దాన్ని వెంటనే తీసేస్తే అవతలివాడికి తెలిసిపోతుంది. తీసెయ్యాలా, అలాగే ఉంచి ఆ ఫోన్‌లో ఏమీ రాయకుండా ఉండాలా అన్నది ఆవిడ ఇష్టం.

మచ్చ కనపడకుండా మేకప్ వేయమని అడిగే రోజూ వస్తుంది. వేయండి. రేపు తమ్ముడి పెళ్లిలో తలెత్తుకుని నిలబడాలన్న ఆవిడ అవసరం నిజమైంది, ఉపదేశం చెప్పే సమయం కాదది. కన్సీలర్ పెట్టే ముందు మాత్రం, "ఫోటో తీసి పెట్టుకుంటారా అక్కా?" అని అడగండి. సరేనంటే మూడు తీయాలి: ముఖం, దెబ్బ రెండూ కనపడేలా ఒకటి, దెబ్బ దగ్గరగా ఒకటి, పక్కన కొలత టేపు పెట్టి ఒకటి. టేపు మీ మెడలోనే ఉంటుంది. కమిలింది ఒకటి రెండు రోజుల్లో ఇంకా స్పష్టంగా తేలుతుంది కాబట్టి మళ్లీ తీయాలి. ఎవరి ఫోన్‌లో తీయాలన్నది జాగ్రత్తగా ఆలోచించండి. ఆవిడ ఫోన్‌ను భర్త తెరుస్తాడు. మీ ఫోన్‌లో తీస్తే గూగుల్ ఫోటోస్ దాన్ని మీ ఇంట్లో టీవీ మీద కూడా చూపించవచ్చు, పైగా కోర్టులో ఆ ఫోటోకు మీరు సర్టిఫికెట్ ఇవ్వాల్సి రావచ్చు. అక్కదో అమ్మదో ఫోనైతే మేలు. ఫోటోకు మించింది గవర్నమెంట్ ఆసుపత్రిలో రాయించుకున్న ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కాగితం, అంటే దెబ్బలు ఎలా తగిలాయో డాక్టర్ రాసే రికార్డు. అక్కడ "మెట్ల మీద జారాను" అని రాయిస్తే తర్వాత అదే కాగితం ఆవిడకు అడ్డు తిరుగుతుంది. ఈ సంగతి వెళ్లే ముందే చెప్పాలి.

టైలరింగ్ షాపుకు ఇంకో సదుపాయం ఉంది. ఆడమనిషి బట్టల సంచి పట్టుకుని టైలర్ దగ్గరికి వెళితే ఎవరూ అడగరు. ఆ సంచిలో ఆవిడకూ పిల్లలకూ రెండేసి జతలు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంక్ పాస్‌బుక్, పెళ్లి ఫోటో, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బంగారం బిల్లులు (అన్నీ జెరాక్సులే చాలు) ఉంచుకోవచ్చు. బంగారం, డబ్బు మాత్రం తీసుకోవద్దు. పది గ్రాములైనా సరే, ఎంత జాలేసినా సరే. రేపు ఆ బంగారం మీరే కాజేశారని కేసు పెడితే ఆవిడకు సాక్ష్యం చెప్పాల్సిన మీరు ముద్దాయి అవుతారు.

చట్టం సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది వెనక్కి తగ్గేది ఇక్కడే. "ఆయన్ని జైలుకు పంపలేను, పిల్లల తండ్రి" అంటారు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద మొదట పడేది డీఐఆర్, అంటే గృహహింస సంఘటన నివేదిక. అది ఎఫ్‌ఐఆర్ కాదు. అది రాసినంత మాత్రాన ఎవర్నీ అరెస్టు చేయరు. జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళితే రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధితులకు సాయం చేయడానికి ప్రభుత్వం నియమించే అధికారి) తరఫున రాస్తారు, ఒక్క రూపాయి ఖర్చుండదు. ఆ తర్వాత 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు అర్జీ. కొట్టకుండా ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటకుండా ఉత్తర్వు, నెలనెలా ఖర్చులు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం, అన్నీ ఒకే అర్జీలో అడగొచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇస్తుంది. ఉత్తర్వును మీరితే అప్పుడు జైలు మాట వస్తుంది: ఏడాది దాకా శిక్ష, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. చెయ్యి చేసుకోవడం ఒక్కటే హింస కాదు; జీతం లాక్కోవడం, బంగారం తాకట్టు పెట్టేయడం, అందరి ముందు తిట్టిపోయడం కూడా ఈ చట్టంలో ఉన్నాయి. పుట్టింటికి వచ్చేసి ఉంటే పుట్టింటి ఊళ్లోనే అర్జీ వేయొచ్చు. క్రిమినల్ కేసే కావాలనుకుంటే భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద ఉన్న పాత 498ఏ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షన్ ఉంది. అది వేరే దారి, రెండూ కలిపి కూడా నడపొచ్చు.

అర్జీ అందిన మూడు రోజుల్లోపు మొదటి విచారణ పెట్టాలని, అక్కణ్ణుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. కాగితం మీద. నిజానికి నెలలు పడుతుంది. రెండు నెలల్లో అయిపోతుందని కస్టమర్‌కు మాటివ్వకండి. అత్యవసరమైతే అవతలి పక్షం రాకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చే అధికారం 23వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు ఉంది. లాయర్‌ను దాని గురించి ప్రత్యేకంగా అడగమనండి.

మీకేమవుతుందన్న భయం ఉంటుంది. ఆ చట్టంలోనే 4వ సెక్షన్ చూడండి: హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇచ్చినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు. అయినా పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ విషయంలో ఆవిడ ఒప్పుకోకుండా ఆ సమాచారం ఇవ్వొద్దనే మా సలహా. ఎవరు చెప్పి ఉంటారో ఊహించడం భర్తకు పెద్ద కష్టం కాదు, దెబ్బలు తినేది ఆవిడ.

ఈ సలహా వర్తించని చోటు ఒకటుంది. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) ప్రకారం చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పెళ్లికూతురి మేకప్ బుకింగుకో పెళ్లి జాకెట్టు కొలతలకో వచ్చింది తొమ్మిదో తరగతి పిల్లలా కనపడితే అదే నంబరు. బాల్య వివాహం సంగతి ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది టైలర్‌కే. ముహూర్తం రోజు పొద్దున్న చెబితే లాభం లేదు, అడ్వాన్స్ తీసుకున్న రోజే చెప్పాలి.

ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. గొంతు నులిమాడని చెబితే, మాట బొంగురు పోతే, గుటక వేయలేకపోతే, కళ్లలో ఎర్రటి చుక్కలు కనపడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బయటికి ఏ గుర్తూ లేకపోయినా లోపల వాపు తర్వాత ముదురుతుంది. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆ మహిళ హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా ఉంటుందని అమెరికాలో చేసిన పరిశోధన తేల్చింది. కత్తి చూపించడం, పెట్రోలు పోస్తాననడం, కడుపుతో ఉండగా కొట్టడం కూడా అలాంటివే. ఇంకొకటి: ఇల్లు వదిలి వచ్చేటప్పుడు, వచ్చాక కొన్ని వారాలు అన్నిటికంటే ప్రమాదం. అందుకే "ఈ రాత్రికే వచ్చెయ్" అన్న ధైర్యవచనం ప్రాణం తీయగలదు. ఎక్కడికి వెళుతుంది, ఎలా వెళుతుంది, పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడా ఇంట్లో ఉన్నప్పుడా, అన్నీ 181తోనో సఖి కేంద్రంతోనో (హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే వన్ స్టాప్ సెంటర్) ముందే అనుకోవాలి. సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా ఉచితంగా ఉండనిస్తారు. కాస్త పెద్ద మగపిల్లలుంటే తీసుకుంటారో లేదో ముందే కనుక్కోవాలి.

మీ దగ్గర పనిచేసే అమ్మాయిల్ని మర్చిపోకండి. కోర్టు వాయిదా రోజు జీతం కోయకపోవడమే పెద్ద సాయం. హోమ్ సర్వీస్‌కు పంపిన ఇల్లు కూడా 2013 నాటి పని చోట లైంగిక వేధింపుల చట్టం కింద పని చోటే. పది మంది కంటే తక్కువ ఉన్న షాపుకు సొంత కమిటీ అక్కర్లేదు గానీ జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది, మూడు నెలల్లోపు అక్కడ ఫిర్యాదు ఇవ్వాలి. ఆ కమిటీ ఎక్కడుందో మీ జిల్లాలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇక గట్టిగా అడగాల్సిన చోటు. ఒక్క పార్లర్ అడిగితే "చూద్దాం మేడం" అంటారు. ముప్పై షాపుల రబ్బరు స్టాంపులు పడ్డ అర్జీ తీసుకుని సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లి, కలెక్టర్ చేతికిచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఒక్క పేజీ చాలు. జిల్లా రక్షణాధికారి పేరు, ఆఫీసు టైములో ఎత్తే ఫోన్ నంబరు రాసివ్వమనండి. ఈ చట్టం నిబంధనల్లోని 4వ ఫారం, అంటే బాధితురాలి హక్కులు చెప్పే కాగితం, తెలుగులో షాపుకు యాభై కాపీలు కావాలనండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో కలిసి మీ వాళ్లకు గంటన్నర శిక్షణ పెట్టమనండి. అది మంగళవారం మధ్యాహ్నం ఉండాలని కూడా రాయండి, పార్లర్లకు గిరాకీ తక్కువ ఉండేది అప్పుడే. శనివారం పెడితే ఎవరూ రారు, "మహిళలకు ఆసక్తి లేదు" అని ఆఫీసు రికార్డులో పడుతుంది.

నెల తిరిగినా కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: గత ఏడాది ఈ జిల్లాలో ఎన్ని డీఐఆర్‌లు రాశారు, వాటిలో ఎన్ని కోర్టుకు వెళ్లాయి, ఎన్ని 60 రోజుల్లో తేలాయి, రక్షణాధికారి ఆఫీసులో ఎన్ని పోస్టులు ఖాళీ. బాధితుల పేర్లు అడగొద్దు, అంకెలే అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన అంకెల్ని అలాగే ఫ్లెక్సీ మీద వేయించి మార్చి 8న కట్టండి. ముగ్గుల పోటీ దాని ముందే పెట్టుకోవచ్చు.

ఇట్లు,
గృహహింస కేసుల్లో అర్జీలు రాసిపెట్టే కొందరం